పోరంబోకుకు పట్టా

కిందటి కార్తీకమాసంలో ఓ ఆదివారం పిల్లాపాపలతో ఎత్తిపోతల వెళ్లాం. మాచర్ల వైపు చుట్టాలున్నవాళ్లకి ఇదేం కొత్త చోటు కాదు. నాగార్జునసాగర్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఇంకో పదకొండు కిలోమీటర్లు ఇటు వచ్చి దీన్నీ చూసి పోతుంటారు. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఆడవాళ్లు పులిహోర డబ్బాలు విప్పుతున్నారు. రిటైరైన లెక్చరరు మా మామయ్య చెట్టు కింద దుప్పటి పరుచుకుని పేపరు తిరగేస్తున్నాడు. ఆయన కొడుకు, అంటే మా మేనత్త కొడుకు, జలపాతానికి వీపు పెట్టి నిలబడి ఫోను ఆకాశానికెత్తి సిగ్నలు వెతుక్కుంటున్నాడు.

"ఏంది బావా, నీళ్లు అటుంటే నువ్విటు చూస్తన్నావు?" అన్నాను.

"ట్రైనింగు కోర్సు బావా. ఇవాళే ఆఖరి రోజు. ఇంకో ఐదు ప్రశ్నలకి జవాబు కొడితే సర్టిఫికెట్ వచ్చిద్ది" అన్నాడు చెయ్యి దించకుండానే.

ఆయన గవర్నమెంటు బడిలో మాస్టారు. పగలు పుస్తకంలోని క్యూఆర్ కోడు మీద ఫోను పెట్టి, కేంద్రం వాళ్ల ‘దీక్ష’ నుంచి పిల్లలకి వీడియో పాఠం చూపిస్తాడు. రాత్రి అదే దీక్షలో తను బుద్ధిగా విద్యార్థి అయిపోయి, ఉపాధ్యాయ శిక్షణ పాఠాలు వింటాడు. టీచర్లకిచ్చే ఈ ‘నిష్ఠ’ శిక్షణ ఆన్‌లైన్లోకి మారింది కరోనా ఏడాది, 2020లో. ఆ జూలైలో దేశం మొత్తమ్మీద మొదటి విడత మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశ్ వాళ్లతోనే. 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్లకి ముందు నేర్పించారు.

"బావా, నువ్వు చేస్తున్న ఈ పనికి ఒకప్పుడు అమెరికాలో పేటెంటు ఉండేది, తెలుసా?" అన్నాను.

"ఏ పనికి? ఫోను పైకెత్తి నిలబడటానికా?"

అందరూ నవ్వారు. కానీ నేనన్నది నిజం. ఒకే మనిషి ఒక క్లాసుకి మాస్టారుగా, ఇంకో క్లాసుకి విద్యార్థిగా ఒకే కంప్యూటర్ వ్యవస్థలో ఉండటం అనే ఏర్పాటు మాదేనని ఒక కంపెనీ పేటెంటు తీసుకుంది. తీసుకుని ఊరుకోలేదు, పక్కవాణ్ని కోర్టుకీడ్చింది. పులిహోర తింటూ వాళ్లకి చెప్పిన కథే మీకూ చెబుతాను.

ఆ కంపెనీ పేరు బ్లాక్‌బోర్డు. అప్పట్లో దాని ఊరు వాషింగ్టన్. పేరులోనే ఉన్నట్టు నల్లబల్లని కంప్యూటర్లోకి ఎక్కించే వ్యాపారం. కాలేజీలు పాఠాలు, హోంవర్కులు, మార్కులు, చర్చలు అన్నీ ఒకచోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. 2005 అక్టోబరులో తన పెద్ద పోటీదారు వెబ్‌సీటీని కొంటున్నానని ప్రకటించి, 2006 ఫిబ్రవరికల్లా కొనేసింది. ఈలోగా జనవరి 17న అమెరికా పేటెంటు ఆఫీసు దానికి 6,988,138 నంబరు పేటెంటు ఇచ్చింది. ఆరు నెలలు ఎవరికీ పెద్దగా తెలియలేదు. జూలై 26న పేటెంటు సంగతి లోకానికి చాటుతూ, కెనడాలోని డిజైర్‌టులెర్న్ అనే చిన్న కంపెనీ మీద టెక్సాస్‌లో దావా వేసింది. ఈ డిజైర్‌టులెర్న్ 1999లో ఒక కాలేజీ కుర్రాడు మొదలుపెట్టినది. బ్లాక్‌బోర్డు ముందు ఎంత? ఏనుగు ముందు ఎలకంత.

ఆ రోజు బ్లాక్‌బోర్డు ప్రకటనలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్లలో ఇదే పేటెంటు వచ్చేసింది, మరికొన్ని దేశాల్లో దరఖాస్తు నడుస్తోంది అని. ఆ మరికొన్ని దేశాల్లో చైనా, జపాన్, బ్రెజిల్‌తో పాటు ఇండియా పేరు కూడా ఉంది.

ఇక్కడ పేటెంటంటే ఏమిటో ఒక్క మాట. అదొక పొలం దస్తావేజు లాంటిది. కొత్తది కనిపెట్టినవాడు దాని గుట్టు నలుగురికీ చెప్పేస్తాడు. బదులుగా ప్రభుత్వం ఇరవై ఏళ్లు ఆ పొలంలోకి ఇంకెవరూ అడుగు పెట్టకుండా కాపలా కాస్తుంది. దస్తావేజులో చెక్కుబందీ రాసుకుంటాం చూడండి, తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక, ఉత్తరాన వాగు అని... పేటెంటులో ఆ చెక్కుబందీని క్లెయిములంటారు. బ్లాక్‌బోర్డు దస్తావేజులో అలాంటివి నలభై నాలుగు. అన్నిటి సారం ఒకటే. ఒక వాడుకరి, చాలా కోర్సులు, ఒక్కో కోర్సులో ఒక్కో పాత్ర. విద్యార్థి, మాస్టారు, అడ్మినిస్ట్రేటర్.

పొలం కొనేముందు మనం ఈసీ తీయిస్తాం. ఆ భూమి ఇంతకుముందు ఎవరి పేరున ఉంది, ఎన్ని చేతులు మారింది, తాకట్టులో ఉందా అని చూస్తాం. పేటెంటు ఆఫీసులో ఆ ఈసీ తీసే పని ఎగ్జామినరుది. పాత పేటెంట్లు, పుస్తకాలు వెతికి "ఇది ముందే ఉంది" అనిపిస్తే దరఖాస్తు తోసిపుచ్చుతాడు. మందుల్లో, యంత్రాల్లో ఇది బాగానే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ దగ్గరే చిక్కు. ఫలానా కాలేజీ వాళ్లు 1997లో తమ అవసరం కోసం రాసుకున్న ప్రోగ్రాము ఏ పేటెంటులోనూ ఉండదు, ఏ లైబ్రరీలోనూ ఉండదు. దాని గురించిన కాగితం ఏ ప్రొఫెసరు గారి సొరుగులోనో ఉంటుంది. ఎగ్జామినరు ఆ సొరుగులన్నీ ఎక్కడ వెతుకుతాడు? అలా ఊరి పోరంబోకుకు కూడా ఒక్కోసారి పట్టా పుడుతుంది.

పట్టా సంగతి తెలిసిన రోజు మేస్టర్లు మండిపడ్డారు. మండిపడి ఊరుకుంటే ఇది కథయ్యేది కాదు. దేశదేశాల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు, వాడినవాళ్లు తమ సొరుగులు తెరిచారు. పాత మాన్యువళ్లు, సెమినారు పేపర్లు, తెరల ఫొటోలు బయటికి తీశారు. కొద్ది రోజుల్లోనే వికీపీడియాలో ఆన్‌లైన్ చదువుల చరిత్ర మీద పెద్ద వ్యాసం తయారైపోయింది. 1960లో ఇల్లినాయి యూనివర్సిటీలో డొనాల్డ్ బిట్జర్ మొదలుపెట్టిన ‘ప్లేటో’ దగ్గర్నుంచి తారీఖుల వారీగా ఎవరు ఏం చేశారో రాసుకుంటూ వచ్చారు. ఊరంతా కలిసి ఈసీ తీయించినట్టన్నమాట!

వీళ్లలో అందరికంటే భయపడింది ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్లు. మీ పిల్లలు ఇంజనీరింగ్ చదువుతుంటే ‘మూడుల్’ పేరు వినే ఉంటారు. దాన్ని 2002లో లోకానికి ఉచితంగా ఇచ్చినవాడు మార్టిన్ డౌగియామస్ అనే ఆస్ట్రేలియా ఆయన. ఈయన చిన్నతనం పడమటి ఆస్ట్రేలియా ఎడారిలో గడిచింది. దగ్గర్లో తగిన బడి లేదు. రేడియోలో మాస్టారి గొంతు వింటూ చదువుకున్నాడు. దూరాన ఉన్నవాడికి పాఠం చేరడమంటే ఏమిటో తెలిసినవాడు గనకే, తను రాసిన ప్రోగ్రాముని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నాడు. ఆయన దగ్గర డబ్బు కట్టే కస్టమర్లుంటేగా కోర్టు ఖర్చులకి? రేపు నోటీసొస్తే వాడుకునే కాలేజీల గతేంటి?

మూడుల్, సకాయ్, ఏట్యూటర్ అనే మూడు ఉచిత ప్రోగ్రాముల తరఫున సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే లాయర్ల సంస్థ 2006 నవంబరులో పేటెంటు ఆఫీసునే ఆశ్రయించింది. మీరిచ్చిన పట్టాని మీరే మళ్లీ పరిశీలించండి అని అడిగింది. 2007 జనవరిలో ఆఫీసు సరేనంది.

ఈ దారి మనకి కొత్త కాదు. పసుపు కథ గుర్తుందా? గాయానికి పసుపు పెట్టడం మా ఆవిష్కరణ అని 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ పేటెంటు తీసుకుంది. దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు మోసేవాణ్ని అడిగినా నవ్విపోయే మాట. కానీ నవ్వితే పేటెంటు పోదు, కాగితం చూపించాలి. మన సీఎస్ఐఆర్ వాళ్లు పాత సంస్కృత గ్రంథం, 1953 నాటి మన డాక్టర్ల పత్రికలోని వ్యాసం లాంటివి పట్టుకెళ్లి ఇదే పునఃపరిశీలన దారిలో వెళ్లారు. 1997లో అది రద్దయింది. అమ్మమ్మకి తెలుసు అంటే సరిపోలేదు, అమ్మమ్మ సంగతి అచ్చులో ఉండాల్సి వచ్చింది.

గొడవ ముదిరేసరికి బ్లాక్‌బోర్డు 2007 ఫిబ్రవరి 1న ఒక హామీ ఇచ్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద, కాలేజీలు సొంతంగా రాసుకున్న వాటి మీద ఈ పేటెంటుతో దావాలు వెయ్యను అంది. అమెరికా కాలేజీల కంప్యూటర్ విభాగాల సంఘం, సకాయ్ వాళ్లు కొంత మెచ్చుకున్నారు, కొంత అనుమానపడ్డారు. డిజైర్‌టులెర్న్ మాత్రం ఆ హామీ గొడుగు కిందికి రాలేదు. అది అమ్ముకునే కంపెనీ కదా.

కంపెనీ వైపు మాట కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి జీతాలిచ్చి, కష్టపడి ఒక వస్తువు తయారుచేశాం, పక్కవాడు చూసి రాసుకుంటే మేం చేతులు కట్టుకు కూర్చోవాలా అన్నది వాళ్ల వాదన. న్యాయమైన ప్రశ్నే. ప్రోగ్రామును అక్షరం పొల్లు పోకుండా కాపీ కొడితే పట్టుకోవడానికి కాపీరైటు ఉంది. పేటెంటు సంగతి అది కాదు. నువ్వు నా ప్రోగ్రాము కంటితో చూడకపోయినా, నీ అంతట నువ్వే ఆలోచించి రాసుకున్నా, నా హద్దులోకి వచ్చావంటే దొంగవే. నాకు ఇబ్బంది అనిపించేది అక్కడే.

లఫ్కిన్ అనే చిన్న ఊళ్లో విచారణ జరిగింది. తూర్పు టెక్సాస్ కోర్టులు పేటెంటుదారులకి అచ్చొచ్చిన కోర్టులని పేరు. విచారణకి ముందే జడ్జి మొదటి ముప్పై ఐదు క్లెయిములు చెల్లవని తేల్చేశాడు. చెక్కుబందీ స్పష్టంగా లేదు, ఏ యంత్రాంగం ఈ పని చేస్తుందో దస్తావేజులో రాయలేదు అన్నాడు. మిగిలినవాటిలో 36, 37, 38 నంబర్ల మీద జ్యూరీ కూర్చుంది. 2008 ఫిబ్రవరిలో బ్లాక్‌బోర్డే గెలిచింది. డిజైర్‌టులెర్న్ 31 లక్షల డాలర్లు కట్టాలన్నారు. అప్పటి లెక్కన పన్నెండు కోట్ల రూపాయల పైమాటే. పైగా ఆ సాఫ్ట్‌వేర్ని అమెరికాలో అమ్మకూడదని ఉత్తర్వు. కెనడా కుర్రాళ్లు హడావుడిగా ప్రోగ్రాముని వేరే పద్ధతిలో తిరగరాసుకోవాల్సి వచ్చింది.

వినోదం చూడండి. జ్యూరీ తీర్పు ఫిబ్రవరిలో. మరుసటి నెలలోనే పేటెంటు ఆఫీసు తన పునఃపరిశీలనలో నలభై నాలుగు క్లెయిములనూ ప్రాథమికంగా తిరస్కరించింది. రిజిస్ట్రారు పట్టా మీద అనుమానముందంటున్నాడు, కోర్టు ఆ పట్టా మీదే జరిమానా వసూలు చెయ్యమంటోంది.

అప్పీలు వాషింగ్టన్‌లోని ఫెడరల్ సర్క్యూట్ కోర్టుకి వెళ్లింది. 2009 జూలై 27న తీర్పొచ్చింది. మొదటి ముప్పై ఐదూ చెల్లవన్నది ఖాయం చేశారు. జ్యూరీ గెలిపించిన మూడింటినీ కొట్టేశారు. ఎందుకు కొట్టేశారన్నదే నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క.

బ్లాక్‌బోర్డు లాయర్లు ఏమన్నారంటే, పాత ప్రోగ్రాముల్లో ఒక మనిషికి రెండు పాత్రలు కావాలంటే రెండు పేర్లతో రెండుసార్లు లోపలికి రావాలి, మా దాంట్లో ఒక్కసారి వస్తే చాలు, అదే మా కొత్తదనం అన్నారు. జడ్జీలు దస్తావేజు తెప్పించుకుని చదివారు. ఆ మూడు క్లెయిముల్లో "ఒక్కసారే లాగిన్" అన్న మాట ఎక్కడుంది? లేదు. హద్దులు విశాలంగా ఉండాలని ఆ షరతు రాసుకోలేదు. విశాలంగా గీసిన గీత ముందే ఉన్నవాళ్ల ఇళ్ల మీదుగా కూడా పోయింది. ఆ ఇళ్లు రెండు. ఒకటి డెలవేర్ యూనివర్సిటీ వాళ్ల ‘సెర్ఫ్’. రెండోది ‘కోర్స్‌ఇన్ఫో 1.5’. ఈ రెండోది ఎవరిదనుకున్నారు? కార్నెల్ యూనివర్సిటీ కుర్రాళ్లు పెట్టుకున్న చిన్న కంపెనీది. ఆ కుర్రాళ్ల కంపెనీ 1998లో కలిసిపోయింది ఎందులోననుకున్నారు? బ్లాక్‌బోర్డులోనే! తన పాత సరుకే తన కొత్త పట్టాకి అడ్డు నిలబడింది.

2009 డిసెంబరులో రెండు కంపెనీలూ అన్ని కేసుల్లోనూ రాజీ చేసుకున్నాయి. బ్లాక్‌బోర్డు 2021లో ఆంథాలజీ అనే కంపెనీలో కలిసిపోయింది. డిజైర్‌టులెర్న్ డీటూఎల్ అని పేరు కుదించుకుని నడుస్తోంది.

"అయితే మనకేంది బావా? వాళ్లూ వాళ్లూ కొట్టుకున్నారు, సర్దుకున్నారు" అన్నాడు మావాడు.

ఇండియా పేరు ఆ జాబితాలో ఉందని చెప్పాను కదా. మన పేటెంటు చట్టంలో సెక్షన్ 3(కె) అని ఒకటుంది. గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, అల్గారిథములు, కంప్యూటర్ ప్రోగ్రాము దానంతటదిగా పేటెంటుకి పనికిరావు అంటుంది. 2002 సవరణలో ఇది చేరింది. 2004 డిసెంబరులో కేంద్రం ఒక ఆర్డినెన్సు తెచ్చి, పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడేవాటికి, హార్డ్‌వేర్‌తో కలిసి ఉన్నవాటికి గేటు తెరిచింది. అంతే, మనవాళ్లలో ఉచిత సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు, వామపక్షాలు గోల పెట్టారు. 2005 మార్చిలో పార్లమెంటులో బిల్లు పాసయ్యేసరికి ఆ వాక్యం మాయమైంది. పాత 3(కె) అలాగే మిగిలింది. మందుల ధరల గొడవలో ఇది పేపర్లలో పెద్దగా కనపడలేదు గానీ, నా దృష్టిలో చిన్న సంగతి కాదు. ‘దీక్ష’ వెనకున్న ‘సన్‌బర్డ్’ ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని మీద రాష్ట్రాలు తమ చదువుల్ని కట్టుకున్నాయి. లాగిన్‌కీ, మార్కుల పట్టికకీ, హోంవర్కు అప్పగించడానికీ తలా ఒక పట్టాదారు ఉంటే ఆ ఇల్లు ఎలా లేస్తుంది?

అలాగని మన దగ్గర గేటు పూర్తిగా మూసి లేదు. ‘దానంతటది’ అన్న ఒక్క మాట మీదే లాయర్లు బతుకుతున్నారు. 2015లో పేటెంటు ఆఫీసు కొత్త మార్గదర్శకాలిచ్చింది, గొడవైతే ఆపింది. 2016లో ఇంకోటిచ్చింది, 2017లో మళ్లీ మార్చింది. ప్రోగ్రాములో నిజమైన సాంకేతిక ఫలితం ఉంటే దాన్ని గుమ్మంలోనే ఆపెయ్యకూడదని 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అమెరికాలో మాత్రం 2014లో సుప్రీంకోర్టు గేటు కొంత బిగించింది. మామూలు ఆలోచనని కంప్యూటర్ మీద పెట్టినంత మాత్రాన అది కొత్త ఆవిష్కరణ అయిపోదంది. వాళ్లు మూస్తుంటే మనం తెరుస్తున్నట్టుంది.

అన్నట్టు మీ పిల్లలు ఎంట్రెన్సులు ఆన్‌లైన్లో రాస్తున్నారు కదా. ఇంటర్నెట్ మీద పరీక్ష పెట్టడానికి కూడా అమెరికాలో టెస్ట్ డాట్ కామ్ అనే కంపెనీకి పేటెంటుండేది. 2004లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు "రద్దు కావాల్సిన పది చెడ్డ పేటెంట్లు" అని జాబితా వేస్తే అందులో అదీ ఒకటి. పరీక్షే మరి! మన ఇళ్లలో దానికి పేటెంటు అమ్మానాన్నలది అనుకుంటాం.

ఇంతసేపూ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని వింటున్న మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒరే, ఆ రెండు పేర్ల సంగతి మళ్లీ చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"మరి నా దగ్గరా రెండు కార్డులుండేవిరా. సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టిన కొత్తల్లో మా కాలేజీలోనే స్టడీ సెంటరు. ఆదివారం పొద్దున బీఏ వాళ్లకి నేను కౌన్సిలర్ని. మధ్యాహ్నం పక్క గదిలో బెంచీ మీద కూర్చుని ఇంకో కోర్సు చదివేవాణ్ని. పొద్దున కార్డు మీద అధ్యాపకుడు, మధ్యాహ్నం కార్డు మీద విద్యార్థి. ఫొటో మాత్రం ఒకటే. రెండు ఫొటోలు తీయించుకోడానికి డబ్బులెక్కడియ్యి?"

ఆ విశ్వవిద్యాలయం పుట్టింది 1982లో. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టారు. బ్లాక్‌బోర్డు దరఖాస్తు పెట్టింది 2000లో.

"కంప్యూటర్ లేదు కదా మామయ్యా, కోర్టులో చెల్లదేమో" అన్నాను.

"కంప్యూటర్ లేకపోతే మానె. ఒక మనిషి, రెండు కోర్సులు, రెండు పాత్రలు. ఒకే కార్డు అక్కర్లేదని మీ జడ్జీలే అన్నారంటివి గదా?"

నా దగ్గర జవాబు లేదు. మావాడి ఫోను టింగుమంది. సర్టిఫికెట్ వచ్చినట్టుంది, జలపాతం వైపు తిరిగాడు.

"ఆ కార్డులు ఇప్పుడున్నాయా మామయ్యా?" అడిగాను.

"అటక మీద ట్రంకుపెట్టెలో ఉండాలి. మీ అత్త సంక్రాంతికి పాత కాగితాలన్నీ భోగిమంటలో వేసేస్తానంటంది" అన్నాడు, పులిహోర డబ్బా మూత పెడుతున్న అత్త వైపు చూస్తూ.